రుణమాఫీ కోసం మరో ఏడాది ఓడిపోవాలా?

2025 మే 13న తెల్లవారుజామున నాలుగు గంటలకే మా ఇంట్లో దీపాలు వెలిగాయి. బెంగళూరు మారతహళ్లిలో ఆ వేళకు పాలవాళ్లు, విమానాశ్రయానికి వెళ్లే క్యాబులు తప్ప మరో అలికిడి ఉండదు. అక్కా బావగారూ ముందు రోజు రాత్రే కె.ఆర్. పురం నుంచి వచ్చి మా ఇంట్లో ఉండిపోయారు. బావగారు ముఖం కడుక్కుని టీవీ ముందు కూర్చున్నారు. ఊరి నుంచి వచ్చి నెల రోజులుగా మా దగ్గరే ఉన్న నాన్న ఆ చప్పుడుకు మేలుకుని, కండువా భుజాన వేసుకుని హాల్లోకి వచ్చారు. చికాగోలో అప్పటికి ఇంకా మే 12 సాయంత్రం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ డ్రాఫ్టు లాటరీ మొదలవబోతోంది.

"ఎవరెవరికి ఆట?" అని అడిగారు నాన్న.

"ఆట కాదు మామయ్యగారూ. ఈ ఏడాది బాగా ఓడిన జట్లకు చీటీలు తీస్తారు. ఎవరి చీటీ ముందు వస్తే వాళ్లు కొత్త కుర్రాళ్లలో మేటివాడిని తీసుకుంటారు" అన్నారు బావగారు.

"మీ జట్టు ఎన్ని ఓడింది?"

"82 ఆటల్లో 65."

అంతకన్నా ఎక్కువ ఓడిన జట్టు లీగులోనే లేదు. పద్నాలుగో స్థానం నుంచి ఒక్కొక్క కార్డూ తిప్పుతూ వచ్చారు. డల్లాస్ పేరు ఉండాల్సిన పదకొండో కార్డు మీద పోర్ట్‌లాండ్ కనబడగానే బావగారు కుర్చీలో ముందుకు జరిగారు. డల్లాస్ పైకి ఎగబాకిందంటే కింద ఉన్నవాళ్లు జారుతారు. ఆరో కార్డు వాషింగ్టన్‌ది. 18 గెలిచి 64 ఓడిన జట్టు అది. అయిదో కార్డు తిప్పారు. దాని మీద సంగీత స్వరం ఆకారంలో మా జట్టు గుర్తు. యూటా జాజ్. అంతకన్నా కిందికి జారడానికి నిబంధన ఒప్పుకోదు. మొదటి స్థానం 1.8 శాతం అవకాశమున్న డల్లాస్‌కు వెళ్లింది, దానితో పాటు ఆ ఏటి మేటి కుర్రాడు కూపర్ ఫ్లాగ్ కూడా.

కాఫీ చల్లారిపోయింది. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చివరికి నాన్నే అడిగారు: "మరి ఆ 65 ఎందుకు ఓడినట్టు?"

అది జరిగి రెండు నెలలైంది, ఇది 2025 జులై. ఈ రెండు నెలలుగా మా ఇంట్లో, ఆదివారం ఉదయం టిఫిన్ల దగ్గర, ఫోనుల్లో, ఆ ప్రశ్న మీదే వాదన నడుస్తోంది. నా వైపు వాదన ఒక్కసారైనా పూర్తిగా, మధ్యలో ఎవరూ అడ్డు రాకుండా చెప్పాలని ఇది రాస్తున్నాను.

బెంగళూరులో ఉండే తెలుగువాడికి యూటా జట్టుతో పనేమిటని అడిగేవారున్నారు. నేను 2016 నుంచి 2018 దాకా యూటా రాజధాని సాల్ట్ లేక్ సిటీలో ఎమ్మెస్ చదివాను. రెండో ఏడాదే డొనొవాన్ మిచెల్ కొత్తగా జట్టులోకి వచ్చాడు. పార్ట్‌టైమ్ డబ్బుల్లో మిగిల్చి పై వరుసల్లో, ఆటగాళ్లు అగ్గిపుల్లల్లా కనబడే చోట, టికెట్ కొనుక్కునేవాళ్లం. 2018 ప్లేఆఫ్స్‌లో, అంటే సీజను చివరి నాకౌట్ పోటీల్లో, ఓక్లహోమా సిటీ మీద ఆరో ఆటలో అతను 38 పాయింట్లు కొట్టిన రాత్రి ఆ ఊరి వీధుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు నన్ను కౌగిలించుకున్నారు. ఇంటికి దూరంగా, మంచులో, ఎవరూ లేని చోట ఒక జట్టు మనిషికి ఊరు అవుతుంది. ఇక్కడికి తిరిగి వచ్చాక బావగారికి అంటించాను. చలికాలంలో జాజ్ సొంత మైదానంలో ఆడితే మనకు ఉదయం ఏడున్నర. ఆదివారమైతే పెసరట్టు తింటూ ఆట మొత్తం చూడొచ్చు. ఖమ్మం మిత్రుడొకడు, నెల్లూరు మిత్రుడొకడు తరువాత చేరారు.

2021లో లీగు మొత్తంలో ఎక్కువ ఆటలు గెలిచిన జట్టు మాదే, 52–20 (52 గెలుపులు, 20 ఓటములు). ప్లేఆఫ్స్‌లో క్లిప్పర్స్‌తో ఆరో ఆటలో 25 పాయింట్ల ఆధిక్యం చేజార్చుకుని ఇంటిముఖం పట్టింది. మరుసటి ఏడాది మొదటి రౌండులోనే డల్లాస్ చేతిలో ఓడింది. 2022 వేసవిలో జట్టు వ్యవహారాలు చూసే డానీ ఎయింజ్ జట్టును విప్పేశాడు. రూడీ గొబేర్ మిన్నెసోటాకు, మిచెల్ క్లీవ్‌లాండ్‌కు వెళ్లిపోయారు. బదులుగా వచ్చినవి లౌరీ మార్కనెన్, వాకర్ కెస్లర్, మరికొందరు ఆటగాళ్లు, ఏడు మొదటి రౌండు పిక్‌లు (రాబోయే డ్రాఫ్టుల్లో కుర్రాణ్ని ఎంచుకునే వంతులు), పైన ఆ వంతులు మార్చుకునే హక్కులు. ఆ రోజు నేను బాధపడ్డాను గానీ తప్పనలేదు. ఇప్పటికీ అనను. ఆ జట్టు ఎక్కగలిగినంత ఎక్కింది, ఆ పైకి పోయే దారి లేదు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాలనుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. నా గొడవంతా పడగొట్టిన తరువాత మూడేళ్లు జరిగిన దానితోనే.

కొత్త కోచ్ విల్ హార్డీతో, ఎవరికీ అక్కరలేదనుకున్న ఆటగాళ్లతో, 2022–23లో ఆ జట్టు మొదటి 13 ఆటల్లో 10 గెలిచింది. మార్కనెన్ ఆ ఏడాది ఆల్‌స్టార్ అయ్యాడు, ఆ ఆల్‌స్టార్ ఆట జరిగింది కూడా సాల్ట్ లేక్‌లోనే. ఫిబ్రవరిలో కాన్లీని, బీజ్లీని, వాండర్‌బిల్ట్‌ను పంపేశారు. చివరికి 37 గెలుపులు. తరువాతి ఏడాది ఫిబ్రవరి నాటికి గెలుపోటములు దాదాపు సమానంగా ఉన్న జట్టు నుంచి ఒలినిక్‌ను, అగ్బాజీని, ఫోంటెకియోను పంపేశారు. చివరికి 31. ఆ తరువాతి ఏడాది 17. జట్టు నిలబడబోయిన ప్రతిసారీ కాలు పట్టుకుని లాగింది ప్రత్యర్థి కాదు, జట్టు యాజమాన్యమే.

బావగారి వాదన ఇప్పుడు చెబుతాను. ఆయన బ్యాంకులో పనిచేస్తారు, లెక్క తప్పరు. కాబట్టి ఆ వాదనను తేలికగా కొట్టిపారేయలేను.

2021లో జీతాల మీద లీగు వేసే పన్ను భారం తగ్గించుకోవడానికి జాజ్ డెరిక్ ఫేవర్స్‌ను ఓక్లహోమా సిటీకి ఇచ్చేసింది. అతన్ని తీసుకున్నందుకు ఎదురు ఒక మొదటి రౌండు పిక్ కూడా ఇస్తామంది. అయితే దానికి రక్షణ పెట్టుకుంది. 2024లో గానీ 2025లో గానీ ఆ పిక్ మొదటి పదిలో పడితే ఇవ్వనక్కరలేదు. 2026లో మొదటి ఎనిమిదిలో పడితే ఇవ్వనక్కరలేదు, అంతటితో బాకీ మొత్తం రద్దు. 2024లో సరిగ్గా పదో స్థానం వచ్చింది, అంటే వెంట్రుకవాసిలో తప్పింది. ఈ ఏడాది అయిదు. ఇక మిగిలింది 2026 ఒక్కటే.

"ఇంకొక్క ఏడాది" అంటారు బావగారు. "అట్టడుగు నాలుగు జట్లలో ఉంటే ఎనిమిది దాటి జారదు. పిక్ మనకే ఉంటుంది, అప్పు మాఫీ అవుతుంది. రెండేళ్లు ఓర్చుకున్నవాళ్లం మూడో వాయిదా దగ్గర తెలివితక్కువ పని చేస్తామా? తొమ్మిదో స్థానం వస్తే ఆ పిక్ ఎవరికి పోతుందో తెలుసా? ఈ ఏడాది చాంపియన్లకు!"

ఇది విన్న నెల్లూరు మిత్రుడు వెంటనే ఆయన వైపు తిరిగాడు. ఖమ్మం మిత్రుడు అప్పటికే ఆ వైపు ఉన్నాడు. మా గుంపులో నేను ఒంటరినయ్యాను.

నా జవాబు ఇది. అప్పు మాఫీ అవుతుందని పంట వేయడం మానుకున్న రైతు చేతిలో చివరికి మాఫీ కాగితం ఒక్కటే మిగులుతుంది. ఆ పిక్ విలువ ఎంతో ముందు చూడాలి. జట్టు బాగా ఆడి అది ఓక్లహోమాకు వెళితే, వెళ్లేది తొమ్మిదో పిక్కో, పన్నెండో పిక్కో. దాన్ని నిలబెట్టుకోవడానికి మనం చెల్లించేది 82 ఆటలు. పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాళ్ల జీవితంలో ఒక సంవత్సరం. బ్యాంకు లెక్కలో వడ్డీ రెండు వైపులా నడుస్తుంది, బావగారు రెండో వైపు వడ్డీ వేయడం లేదు.

ఇక ఓటమి కొనిపెట్టేదేమిటో చూద్దాం. 2019 నుంచి లాటరీ నిబంధన మారింది. అంతకుముందు అట్టడుగు జట్టుకు మొదటి పిక్ అవకాశం 25 శాతం. ఆ మార్పుతో అడుగున ఉన్న మూడు జట్లకూ తలా 14 శాతం అయింది. అట్టడుగు జట్టు అయిదో స్థానానికి జారే అవకాశం దాదాపు 48 శాతం. అంటే అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుకు అన్నిటికన్నా ఎక్కువగా దక్కేది అయిదో పిక్కే. కొత్త నిబంధన వచ్చాక 2025 దాకా జరిగిన ఏడు లాటరీల్లో అట్టడుగు జట్టు మొదటి పిక్ ఒక్కసారి కూడా గెలవలేదు. 2023లో డెట్రాయిట్ 17–65తో అడుగున నిలిచి అయిదో పిక్ తెచ్చుకుంది. 2024లో అదే డెట్రాయిట్ 14–68తో మళ్లీ అడుగున నిలిచింది, మళ్లీ అయిదే. 2025లో మేము, అదే 17–65, అదే అయిదు. మూడేళ్లు వరుసగా అదే అనుభవం. రెండు జట్లు ఎక్కిన చెట్టునే మళ్లీ ఎక్కి, కాయ ఉంటుందని చేయి చాపడాన్ని వ్యూహం అనలేను.

మా జట్టు చరిత్ర నాకు ఇంకా గట్టి సాక్ష్యం. జాన్ స్టాక్టన్ 1984లో పదహారో పిక్. కార్ల్ మలోన్ 1985లో పదమూడో పిక్. 1997, 1998 ఫైనల్స్‌కు జట్టును మోసుకెళ్లింది ఆ ఇద్దరే. గొబేర్ 2013లో ఇరవై ఏడో పిక్, మిచెల్ 2017లో పదమూడో పిక్. ఇద్దరినీ డ్రాఫ్టు రోజునే డెన్వర్ దగ్గర బేరమాడి తెచ్చుకున్నారు. పై పిక్‌లు మాకు రాలేదని కాదు. 2005లో డెరన్ విలియమ్స్ మూడో పిక్, మంచి ఆటగాడు. కానీ ఆ పిక్ ఓడి సంపాదించింది కాదు, పోర్ట్‌లాండ్‌తో బేరంలో వచ్చింది. 2011లో కాంటర్ మూడో పిక్. అదీ నెట్స్ జట్టుతో బేరంలో వచ్చిందే, నాలుగో ఏడాది పూర్తికాకుండానే అతను వెళ్లిపోయాడు. ఇటీవలి కాలంలో ఇంత పై పిక్ జట్టు సొంతంగా ఓడి తెచ్చుకున్నది 2014లో. ఆ ఏడాది గెలిచింది 25 ఆటలే. వచ్చిన స్థానం అయిదు. తీసుకున్న ఆటగాడు డాంటే ఎక్సమ్. మరుసటి ఏడాదే మోకాలు దెబ్బతిని సీజను మొత్తం పోగొట్టుకున్నాడు పాపం, ఆ తరువాత మాకు దక్కలేదు.

ఇప్పటి కుర్రాళ్లనే చూడండి. కెస్లర్ ఇరవై రెండో పిక్. కీయాంటే జార్జ్ పదహారు. కైల్ ఫిలిపౌస్కీ రెండో రౌండులో, ముప్పై రెండు. ఐజయా కాలియర్ ఇరవై తొమ్మిది. జట్టులో కొత్తగా వచ్చినవాడు ఒక ఏడాదిలో ఇచ్చిన అసిస్టుల (తోటివాడు బుట్టలో వేయడానికి అందించే పాసుల) రికార్డు ఎన్నో దశాబ్దాలుగా స్టాక్టన్ పేరున ఉండేది, గత సీజన్లో కాలియర్ దాన్ని దాటాడు. ఓడి సంపాదించిన పిక్‌లు మరి? టేలర్ హెండ్రిక్స్ తొమ్మిది, కోడీ విలియమ్స్ పది. హెండ్రిక్స్ కాలు విరిగింది గనుక అతని మీద తీర్పు చెప్పడం అన్యాయం. కోడీకి మొదటి ఏడాది చాలా కష్టంగా గడిచింది, వయసుంది, ఎదగాలనే కోరుకుంటాను. నా మాటల్లా ఇంతే: ఈ జట్టుకు మేలు చేసింది ఎంచుకోవడం తెలిసిన కన్ను, నేర్పడం తెలిసిన కోచ్. ఆ రెంటికీ ఓటమితో పనిలేదు.

ఓక్లహోమా గురించి మాట్లాడకుండా దాటవేస్తే బావగారు ఊరుకోరు. జూన్ 22న ఇండియానా మీద ఏడో ఆట గెలిచి ఓక్లహోమా సిటీ జట్టు థండర్ చాంపియన్లయ్యారు. "వాళ్లూ ఓడే కదా ఎదిగారు" అన్నది ఆయన బ్రహ్మాస్త్రం. నిజమే. 2020–21లో 22–50. మరుసటి ఏడాది 24–58, అందులో మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో ఓటమి, లీగు చరిత్రలోనే పెద్దది. ఆరోగ్యంగా ఉన్న అల్ హార్ఫర్డ్‌ను 2021 మార్చిలో మిగతా సీజన్‌కు పక్కన కూర్చోబెట్టిన మాటా నిజమే. ఇవన్నీ ఒప్పుకుంటాను. రెండో పిక్‌గా చెట్ హోమ్‌గ్రెన్ రావడం ఆ ఓటముల ఫలమే.

కానీ మూడో ఏడాది ఏం చేశారో చూడాలి. హోమ్‌గ్రెన్ పాదం గాయంతో ఆ సీజను మొత్తం ఆడలేదు. ఇంకో ఏడాది మునగడానికి అంతకన్నా మంచి సాకు ఏ జట్టుకూ దొరకదు. వాళ్లు మునగలేదు. షే గిల్జస్ అలెగ్జాండర్ చేతికి జట్టును అప్పగించి, కుర్రాళ్లను గెలవమని పంపి, 40–42తో ప్లే ఇన్ (ప్లేఆఫ్స్‌కు చివరి అర్హత పోటీ) దాకా వెళ్లారు. ఆ పైన 57, ఆ పైన 68 గెలుపులు. షే 2018 డ్రాఫ్టులో పదకొండో పిక్, పాల్ జార్జ్‌ను ఇచ్చి క్లిప్పర్స్ నుంచి తెచ్చుకున్నవాడు. జేలెన్ విలియమ్స్ పన్నెండో పిక్, ఆ పిక్ కూడా అదే బేరంలో వచ్చింది. మా కోడీకి స్వయానా అన్న. వాళ్ల వరస 22, 24, 40, 57, 68. మాది 37, 31, 17. వాళ్లు రెండేళ్లు దిగి ఎక్కడం మొదలుపెట్టారు. మనం మూడేళ్లుగా మెట్లు దిగుతూనే ఉన్నాం, నాలుగో మెట్టు కూడా దిగుదామంటున్నారు. ఓక్లహోమా పేరు చెప్పి దీన్ని సమర్థించడం నాకు మింగుడుపడదు.

ఫైనల్లో వాళ్లను ఏడో ఆట దాకా లాక్కొచ్చిన ఇండియానా కథ మా గుంపులో ఎవరూ ఎత్తరు. 2019 అక్టోబరులో ఆ జట్టు ముంబయికి వచ్చి శాక్రమెంటోతో రెండు ఆటలు ఆడింది, నెల్లూరు మిత్రుడు వెళ్లి చూసి వచ్చాడు కూడా. 2022 ఫిబ్రవరిలో అదే శాక్రమెంటోకు సబోనిస్‌ను ఇచ్చి హాలిబర్టన్‌ను తెచ్చుకున్నారు. ఏళ్ల తరబడి అడుగున పడి ఉండకుండా, ఆ ఒక్క ఏడాది తగ్గి, మళ్లీ లేచారు. ఆ శాక్రమెంటోనే చూడండి. 2006 తరువాత పదహారేళ్లు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. ఆ కాలంలో దాదాపు ఏటా పై పిక్‌లు వస్తూనే ఉన్నాయి. 2018లో రెండో పిక్ చేతిలో ఉండి లూకా డాన్చిచ్‌ను వదిలేశారు. ఎంచుకోవడం రానివాడికి ముందు వరుసలో చోటిచ్చినా లాభం లేదు.

డెట్రాయిట్ సంగతి కూడా. 2023–24లో వరుసగా 28 ఆటలు ఓడిన ఆ జట్టు మరుసటి ఏడాది 44 గెలిచింది. కేడ్ కనింగ్‌హమ్ మొదటి పిక్‌గా వచ్చినవాడే, దాన్ని కాదనను. కానీ అతను 28 ఓటముల నాడు కూడా అదే జట్టులో ఉన్నాడు. మారింది కోచ్. పక్కన చేరింది టొబాయస్ హారిస్, బీజ్లీ, హార్డవే లాంటి అనుభవజ్ఞులు. ఆ బీజ్లీ మనం వద్దని పంపేసిన బీజ్లీయే.

మా నాన్నది ప్రకాశం జిల్లాలో వర్షాధారపు నల్లరేగడి చేను. ఖరీఫులో బీడు పెట్టి రబీలో శనగ వేసేవారు. చిన్నప్పుడు నాకు బీడంటే పని లేకపోవడమే అనిపించేది. కానీ బీడు పెట్టిన నెలల్లోనే నాన్న ఇంటి పట్టున ఉండేవారు కాదు. ప్రతి వానకూ ఎద్దులు కట్టి గుంటక తోలేవారు. కలుపు మొలవకూడదు, పదును ఆరిపోకూడదు. ఒక ఏడు పక్క చేనాయన వానాకాలమంతా పట్టణంలో ఉండిపోయాడు. దసరాకు తిరిగి వచ్చేసరికి చేనంతా తుంగ. అక్టోబరులో మా చేలో మట్టి పిడికిట పడితే ఉండ కట్టేది, ఆయన చేలో పెళ్లలు లేచాయి. రెండూ బీళ్లే. మొన్న బావగారు "రీబిల్డు అంటే బీడు పెట్టడమే కదా మామయ్యగారూ" అన్నప్పుడు నాన్న అడిగింది ఒక్కటే: "గుంటక ఎవరు తోలుతున్నారు?"

గుంటక తోలేవాడు మార్కనెన్. కుర్రాళ్లకు పక్కన నిలబడి, ఎక్కడ నిలవాలో, ఎప్పుడు బుట్ట వైపు దూసుకుపోవాలో ఆటలో చూపించగలిగిన మనిషి. 2024 ఆగస్టులో అతనితో దాదాపు 238 మిలియన్ డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ ఏడాది ఎవరికీ అమ్మడానికి వీల్లేని తేదీన సంతకం చేయించారు. ఉంటాడు, ఆడతాడు అని అందరం నమ్మాం. 82 ఆటల్లో అతను ఆడింది 47.

మార్చి 6 ఉదయం అయిదున్నరకు వాషింగ్టన్‌తో ఆట. అడుగున ఉన్న రెండు జట్ల ఆట, ఆరోజు ఆఫీసులో పని కూడా ఉంది. అయినా లేచాను, ఎందుకంటే మా అమ్మాయి లేచింది. దానికి తొమ్మిదేళ్లు. మా అపార్టుమెంటు కోర్టులో సాయంత్రం ఆడుతుంది. అమెరికా నుంచి మిత్రుడు తెచ్చిన 23 నంబరు చొక్కా మోకాళ్ల దాకా వస్తుంది, అయినా దాన్నే వేసుకుంటుంది. ఆ ఉదయం కూడా నైట్‌డ్రెస్సు మీద ఆ చొక్కా తొడుక్కుని సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆట మొదలైంది, 23 నంబరు లేడు.

"నాన్నా, ఆయనకు దెబ్బ తగిలిందా?"

నేను ఫోనులో వెతికాను. జట్టు ఇచ్చిన కారణం ఒకటి ఉంది. దాన్ని చదివి వినిపించడానికి నోరు రాలేదు. కొద్ది రోజులకే లీగు ఆ ఆట విషయంలో, మరికొన్ని ఆటల విషయంలో జాజ్‌కు లక్ష డాలర్ల జరిమానా వేసింది, ఆడగలిగిన ఆటగాణ్ని ఆడించలేదని. అంటే ఆ ఉదయం మా అమ్మాయికి నేను చెప్పాల్సిన నిజమైన జవాబు, "లేదమ్మా, గెలుస్తారేమోనని ఆయన్ను ఆపేశారు" అని. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ మాట ఎలా చెప్పాలో నాకు ఈరోజుకీ తెలియడం లేదు. అది సగం ఆటకే లేచి స్కూలుకు తయారైంది. తరువాత రెండు వారాలు పొద్దున్నే లేపమని అడగలేదు.

దీన్ని బావగారు భావోద్వేగం అంటారు. నేను ఒప్పుకోను. జట్టుకు నిజమైన ఆస్తి పిక్‌లు మాత్రమే కాదు. తెల్లవారుజామున లేచే మనుషులు కూడా ఆస్తే, ఆ లెక్క ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనబడదు. ఆటగాళ్ల సంగతి అంతకన్నా ముఖ్యం. నాలుగో క్వార్టర్లో ఆట దగ్గరగా ఉన్నప్పుడు బంతి ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు ఫౌల్ చేయాలి, చేతులు వణుకుతుంటే ఫ్రీ త్రో ఎలా వేయాలి, ఇవి ప్రాక్టీసులో రావు. ఆ అయిదు నిమిషాల్లో నిలబెట్టి నేర్పాల్సిన కుర్రాళ్లను సరిగ్గా ఆ అయిదు నిమిషాల ముందు బయటికి పిలిస్తే వాళ్లు మరుసటి ఏడాది ఏం తెచ్చుకుని వస్తారు? జార్జ్‌కు మూడో ఏడాది రాబోతోంది. గెలవాల్సిన ఆట ఆడిన అనుభవం అతనికి ఇప్పటిదాకా చాలా తక్కువ.

ఈ వేసవిలో కొన్ని మంచి గుర్తులు కనబడ్డాయి, వాటిని చెప్పకపోతే అన్యాయం. జట్టు కార్యకలాపాల అధ్యక్షుడిగా వచ్చిన ఆస్టిన్ ఎయింజ్, ఈ ఏడాది ఆటగాళ్లను అలా ఆపడం ఉండదన్న అర్థంలో మాట్లాడారు. అయిదో పిక్‌తో ఏస్ బెయిలీని తీసుకున్నారు, పద్దెనిమిదేళ్లవాడు, పొడవు, షాట్ చూడముచ్చటగా ఉంటుంది. పద్దెనిమిదో పిక్ దాకా ఎక్కి వాల్టర్ క్లేటన్‌ను తీసుకోవడం నాకు ఇంకా నచ్చింది. ఏప్రిల్‌లో ఫ్లోరిడాను ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ పోటీల) చాంపియన్లను చేసినవాడు అతను, గెలుపు ఎలా ఉంటుందో ఒంటికి పట్టినవాడు. బెయిలీ ఆడిన రట్గర్స్ కాలేజీ జట్టులో రెండో పిక్ డిలన్ హార్పర్ కూడా ఉన్నాడు. ఆ ఇద్దరుండి కూడా ఆ జట్టు ఎన్‌సీఏఏ టోర్నమెంటుకు చేరలేదు. ప్రతిభ రెండు చేతుల నిండా ఉన్నా గెలవడం విడిగా నేర్చుకోవాల్సిన విద్య అని చెప్పడానికి మరో ఉదాహరణ వెతకనక్కరలేదు.

అనుభవజ్ఞులైన సెక్స్‌టన్‌ను, కాలిన్స్‌ను పంపేయడం, క్లార్క్‌సన్‌ను విడిచిపెట్టడం మీద మా గుంపంతా ఒకే మాట మీద ఉంది. కుర్రాళ్లకు నిమిషాలు కావాలి. క్లార్క్‌సన్ వెళ్లినందుకు నాకు మనసులో కష్టంగా ఉంది, ఎక్సమ్‌ను ఇచ్చి తెచ్చుకున్న మనిషి అయిదేళ్లకు పైగా ఆ ఊరికి సంతోషం పంచాడు. కానీ అది సరైన పని.

ఇక నేను కోరేది. మార్కనెన్‌ను మరో మూడు పిక్‌ల కోసం అమ్మొద్దు. పిక్‌లు గాదె నిండా ఉన్నాయి. మిన్నెసోటా, క్లీవ్‌లాండ్‌ల నుంచి వచ్చిన వాటిలో మిగిలినవి, 2031 ఫీనిక్స్ పిక్, సొంతవి. విత్తనాలు దాచుకుంటూ పోతే అవి చివరికి పురుగుపడతాయి. ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఆటగాడూ ప్రతి ఆట ఆడాలి. కుర్రాళ్లే ఎక్కువ ఉన్న జట్టు గనుక ఎలాగూ చాలా ఓడుతుంది, ఆ ఓటముల మీద నాకు ఫిర్యాదు లేదు. నిజాయితీగా ఓడి మొదటి ఎనిమిదిలో పడితే అప్పు దానంతట అదే తీరిపోతుంది, ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. తొమ్మిదో స్థానం వస్తే ఆ పిక్‌ను ఓక్లహోమాకు పంపేసి, బాకీ తీరిందని ఊపిరి పీల్చుకుందాం. 2021లో మనమే రాసిచ్చిన పత్రం అది.

గత ఆదివారం ఇదంతా చెప్పాను. బావగారు చివరిదాకా విన్నారు. "తొమ్మిదో పిక్ పోయిన రోజున నువ్వే ఏడుస్తావు" అన్నారు. ఏడుస్తానేమో. "కానీ బావగారూ, ఆ రోజు రావాలంటే ముందు మనం ముప్పై, ముప్పై అయిదు ఆటలు గెలిచి ఉండాలి కదా" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. అక్కను మరో పెసరట్టు వేయమన్నారు.

అన్నిటికన్నా నేను ఎదురుచూస్తున్నది కెస్లర్ ఒప్పందం కోసం. సీజను మొదలయ్యేలోగా అతనితో కొత్త ఒప్పందం చేసుకోవడానికి ఈ వేసవిలోనే జట్టుకు అవకాశం ఉంది. ఇరవై నాలుగేళ్లు, బుట్ట దగ్గర కొండలా నిలబడతాడు, గొబేర్‌ను ఇచ్చి తెచ్చుకున్నవాడు. అతనికి సంతకం పెట్టే కాగితం ముందు పెడితే యాజమాన్యం కట్టడం మొదలుపెట్టిందని నమ్ముతాను. పెట్టకుండా, వచ్చే ఏడాది చూద్దామంటే, బావగారి మాటే వాళ్ల మాట కూడా అని నాకు తెలిసిపోతుంది. మా అమ్మాయి మాత్రం నిన్న సాయంత్రం కోర్టు నుంచి వచ్చి, అక్టోబరులో మొదటి ఆట ఏ రోజో, ఎన్ని గంటలకు లేవాలో అడిగింది. షెడ్యూలు ఇంకా రాలేదని చెప్పాను. రాగానే క్యాలెండర్ మీద రాయమని పెన్ను తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది.